ఏ పనికి ఎవరి గడప తొక్కాలి?

పొద్దున్నే పాలు పోసి, వెన్న శాతం రాసిన చీటీ అందుకున్నాక సంఘం అరుగు మీద కాసేపు మాటలు సాగడం మనకు అలవాటే. వీధి దీపం వెలగడం లేదని ఒకరంటారు. పశువుల ఆసుపత్రిలో డాక్టరు లేడని మరొకరు, పాల వ్యాను వచ్చే దారి గోతులు పడిందని ఇంకొకరు అంటారు. చివరికి ఆ మాటలన్నీ ఒకే మాట దగ్గర ఆగుతాయి: "ఏటి చెయ్యాల బాబూ? అందరికీ చెప్పినాం. ఎవులూ పట్టించుకోలేదు."

ఈ "అందరికీ చెప్పినాం" అన్నదే చాలాసార్లు పని చెడగొడుతోంది. అందరికీ చెప్పిన పని ఎవరి నెత్తినా పడదు. వీధి దీపం కోసం శాసనసభ్యుని ఇంటి ముందు ఒక పూట, రైలు ఆగాలని సర్పంచి దగ్గర ఒక పూట, పాల ధర పెంచాలని తహశీల్దారు దగ్గర ఒక పూట గడిపితే మూడు పూటల కూలి పోతుంది గాని పని కాదు. రెండు గేదెలున్న ఇంట్లో ఒక మనిషి పట్నం పోయి రావడమంటే ఎంత ఇబ్బందో మన సభ్యులకు, అందులోనూ ఆడవారికి, వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రం పాలు పితికే వేళకు ఇల్లు చేరాలి కదా!

కనుక ఎవరిని అడగాలన్నది ముందు తెలుసుకొని తర్వాత బయలుదేరడం మంచిది. ఇందుకు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ పనికి డబ్బు ఎవరి సంచిలోంచి రావాలి? ఈ పనికి సంతకం ఎవరిది? ఆ రెండింటికీ దగ్గరగా ఉన్న ప్రతినిధే మనం కలవవలసిన మనిషి.

మొదటి ప్రతినిధి మన సంఘంలోనే

ఎన్నికైన ప్రతినిధి అనగానే మనకు శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు గుర్తుకు వస్తారు. కాని మీరు నేరుగా ఓటు వేసి, రోజూ చూడగలిగే ప్రతినిధులు మీ పాల సంఘం పాలకవర్గ సభ్యులు. పాల ధర, వెన్న శాతం పరీక్ష, బిల్లు ఆలస్యం, దాణా సరఫరా, బోనసు, ఇవన్నీ సంఘం, దానిపైన ఉన్న యూనియను తేల్చవలసినవి. వీటిని మంత్రి దగ్గరకు మోసుకుపోతే ఆయన తిరిగి యూనియనుకే పంపుతారు. అందాకా నెల గడిచిపోతుంది.

మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టరయిందో కూడా తెలుసుకోండి. కార్యాలయం గోడకు వేలాడే రిజిస్ట్రేషను పత్రంలో ఆ సంగతి ఉంటుంది. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘం మీద ప్రభుత్వ రిజిస్ట్రారుకు అధికారం ఎక్కువ. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘంలో ప్రభుత్వ జోక్యం తక్కువ. అక్కడ సర్వసభ్య సమావేశమే పెద్ద. ఆ సమావేశానికి రాకుండా ఇంటి దగ్గర కూర్చొని, తర్వాత సంఘం బాగోలేదనడం న్యాయం కాదు.

ఊరి పని: పంచాయతీ, పురపాలక సంఘం

ఊళ్ళో వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త, ఊరి లోపలి వీధులు, కుళాయిలు, పశువుల నీటి తొట్టెలు, బందిలదొడ్డి, సంత స్థలం గ్రామ పంచాయతీ చూసుకోవలసినవి. వీటికి ముందు వార్డు సభ్యుణ్ణి, ఆ పైన సర్పంచిని కలవాలి. రాజ్యాంగానికి చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. దానితో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29 ఉన్నాయి. అందులో నాల్గవది పశుపోషణ, పాడి, కోళ్ళ పెంపకం. పదకొండవది తాగునీరు. కాబట్టి పాడి సంగతి పంచాయతీకి సంబంధం లేనిదని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు.

ఏటా కనీసం రెండుసార్లు గ్రామసభ జరగాలి. ఊరికి కావలసిన పనుల జాబితాకు ఆమోదం అక్కడే. ఉపాధి హామీ నిధులతో 2024-25లో మన రాష్ట్రంలో మినీ గోకులాల పేరుతో పశువుల షెడ్లు కట్టించారు. ఇటువంటి పథకం వచ్చినప్పుడు గ్రామసభలో నోరు విప్పినవారి సంగతి జాబితాకు ఎక్కే అవకాశముంటుంది. పదిమంది పాడి రైతులు కలిసి వెళ్ళి ఒకే మాట చెప్తే తీర్మానంలో రాయక తప్పదు.

పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలలో ఉండేవారికి సర్పంచి ఉండడు. వారిది పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం. వీధి పనులకు మీ వార్డు కౌన్సిలరును, పట్టణం మొత్తానికి సంబంధించిన పనికి మునిసిపల్ చైర్మన్‌ను కలవాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. స్థానిక సంస్థల పాలకవర్గానికి గడువు అయిదేళ్ళు. 2021లో ఎన్నికైనవారి గడువు 2026 వరకే. గడువు తీరి, కొత్త పాలకవర్గం రాకపోతే ఆ మధ్యకాలంలో ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి సంతకం చెల్లుతుంది. "సర్పంచి లేడు కదా" అని అర్జీ మానుకోవద్దు. ప్రత్యేకాధికారి పేరున రాసి, 2019 నుంచి నడుస్తున్న గ్రామ సచివాలయ వ్యవస్థలో మీ ఊరి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి.

మండలం, జిల్లా పరిషత్తు

మన పెద్దలకు సమితి ప్రెసిడెంటు అన్న మాట బాగా గుర్తు. ఆ సమితుల స్థానంలో 1980ల నడుమ మండలాలు వచ్చాయి. ఒకటి రెండు ఊళ్ళకో, పెద్ద ఊరైతే అందులో కొంత భాగానికో ఒక మండల పరిషత్తు ప్రాదేశిక సభ్యుడు ఉంటాడు. మండలానికంతటికీ కలిపి జిల్లా పరిషత్తు సభ్యుడు ఒకరు. ఒక్క ఊరితో తెగని పనులు, అంటే రెండు ఊళ్ళ మధ్య దారి, పరిషత్తు బడి గది, మండలంలోని పశువైద్యశాల భవనం వంటివి వీరికి చెప్పుకోవాలి. మండల, జిల్లా పరిషత్తు సమావేశాలకు శాఖల అధికారులు కూడా వస్తారు. సభ్యుడు లేచి అడిగితే పశుసంవర్ధక శాఖ అధికారి అక్కడే జవాబు చెప్పాలి. సమావేశం ఎప్పుడో ముందే కనుక్కొని మీ సభ్యునికి కాగితం చేతికి ఇవ్వండి.

పాల క్యాను నడిచే దారి

ఏ పని ఎవరిదో తెలియడానికి మన పాల క్యాను కంటే మంచి ఉదాహరణ లేదు. ఉద్దానంలోని ఒక ఊరి నుంచి బయలుదేరిన క్యాను చల్లబరిచే కేంద్రం చేరేలోగా నలుగురు యజమానుల దారుల మీద నడుస్తుంది.

మీ ఇంటి నుంచి సంఘం దాకా ఉన్నది ఊరి వీధి. అది పంచాయతీది. ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా ఉన్నది సాధారణంగా పంచాయతీరాజ్ శాఖ దారి. దానికి జిల్లా పరిషత్తు సభ్యుణ్ణి, శాసనసభ్యుణ్ణి కలవాలి. మండల కేంద్రాలను కలిపే రోడ్లలో ఎక్కువ భాగం రోడ్లు, భవనాల శాఖవి. వాటికి డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిది, కనుక అడగవలసినది శాసనసభ్యుణ్ణి. చివరగా వచ్చేది జాతీయ రహదారి. టెక్కలి మీదుగా కాశీబుగ్గ పక్కనుంచి ఇచ్ఛాపురం దాటి ఒడిశాకు పోయే ఈ దారిని మనవాళ్ళు ఇప్పటికీ 5వ నెంబరు రోడ్డంటారు. 2010లో నెంబర్లు మార్చినప్పటి నుంచి అది 16వ నెంబరు. దానిమీద అండర్‌పాసు కావాలన్నా, పశువులు దాటే చోట హెచ్చరిక బోర్డు కావాలన్నా అది కేంద్రం పని. పార్లమెంటు సభ్యుని ద్వారా జాతీయ రహదారుల సంస్థకు వెళ్ళాలి.

రైలు పట్టాల మీద వంతెన అయితే ఇద్దరి పని. పట్టాల మీది భాగం రైల్వే కడుతుంది. అటూ ఇటూ ఎక్కే దారి సాధారణంగా రాష్ట్రం వంతు. ఇటువంటి పని ఆగిపోయినప్పుడు ఏ ముక్క దగ్గర ఆగిందో ముందు కనుక్కోవాలి. రాష్ట్రం భూమి ఇవ్వక ఆగిన పనికి పార్లమెంటు సభ్యుణ్ణి, రైల్వే వంతు కట్టక ఆగిన పనికి శాసనసభ్యుణ్ణి నిలదీస్తే ఇద్దరూ నిజమే చెప్తారు, మన వంతెన మాత్రం లేవదు.

శాసనసభ్యుని పని

2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనతో పాత సోంపేట నియోజకవర్గం పోయి పలాస నియోజకవర్గం వచ్చింది. 2009 ఎన్నికల నుంచి పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు పలాస కింద ఉన్నాయి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మండలాలది ఇచ్ఛాపురం నియోజకవర్గం. టెక్కలి, నందిగాం, సంతబొమ్మాళి, కోటబొమ్మాళి మండలాలది టెక్కలి. మందస సభ్యులు సోంపేట సంతకు పోతారు గాని వారి శాసనసభ్యుడు వేరు. ఇది మరిచి తప్పు గడప తొక్కేవారు ఇప్పటికీ ఉన్నారు.

2024 ఎన్నికల్లో పలాస నుంచి గౌతు శిరీష, ఇచ్ఛాపురం నుంచి బెందాళం అశోక్, టెక్కలి నుంచి కింజరాపు అచ్చెన్నాయుడు ఎన్నికయ్యారు. అచ్చెన్నాయుడు గారికి ఆ ఏడు ఏర్పడిన మంత్రివర్గంలో వ్యవసాయం, సహకారంతో పాటు పశుసంవర్ధక, పాడి అభివృద్ధి శాఖలు కూడా ఇచ్చారు.

రాజ్యాంగం ప్రకారం పశువుల సంరక్షణ, పశు వైద్యం, ఆసుపత్రులు, సహకార సంఘాలు, సాగునీరు, పోలీసు, భూమి రికార్డులు రాష్ట్ర జాబితాలోనివి. కనుక పశువైద్యుని పోస్టు ఖాళీగా ఉండటం, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు లేకపోవడం, వంశధార కాలువ చివరి పొలానికి నీరందకపోవడం, పట్టాదారు పుస్తకంలో పేరు తప్పు పడటం శాసనసభ్యునికి చెప్పదగినవి. అయితే పుస్తకం తప్పుకు ముందు తహశీల్దారుకు అర్జీ ఇవ్వాలి. మన ప్రాంతానికి 2022 ఏప్రిల్ 4 నుంచి పలాసలోనే రెవెన్యూ డివిజన్ కార్యాలయం వచ్చింది. తహశీల్దారు దగ్గర తేలనిది అక్కడికి పోతుంది. అర్జీ ఇచ్చి రసీదు చేత పట్టుకొని వెళ్ళినవారికి శాసనసభ్యుడు ఒక ఫోను చేయగలరు. రసీదు లేనివారికి "ముందు అర్జీ ఇవ్వండి" అనడం తప్ప ఏం చెప్పగలరు?

శాసనమండలి కూడా ఒకటుంది. మన రాష్ట్రంలో అది 2007లో తిరిగి వచ్చింది. పట్టభద్రులు, ఉపాధ్యాయులు, స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకునే ఈ ప్రతినిధులు సభలో ప్రశ్న వేయగలరు. బడుల సంగతి అయితే వీరిని కూడా కలపండి.

పార్లమెంటు సభ్యుని పని

పలాస, ఇచ్ఛాపురం, టెక్కలి మూడూ శ్రీకాకుళం లోక్‌సభ నియోజకవర్గంలోనివే. 2014 నుంచి ఇక్కడ ఎన్నికవుతున్న కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. రైళ్ళు, జాతీయ రహదారులు, తపాలా, బ్యాంకులు, పాస్‌పోర్టు, దిగుమతి సుంకాలు పార్లమెంటు సభ్యునికి చెప్పవలసిన విషయాలు. పలాస స్టేషనులో ఒక రైలు ఆపాలన్నా, పాడి పశువులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వడానికి బ్యాంకు తిప్పుతున్నా ఈ గడపే. విదేశాల నుంచి వచ్చే జీడిపిక్కల మీద సుంకం వేయడం, తీయడం కూడా ఢిల్లీలోనే. దాని ప్రభావం మన ఉద్దానం జీడి రైతు మీద ఎలా పడుతుందో వారికి వివరంగా రాసి ఇవ్వాలి.

రెండు రాష్ట్రాల మధ్య నీటి తగాదా కూడా కేంద్రం దగ్గరకే పోతుంది. వంశధార మీద మనకూ ఒడిశాకూ ఉన్న వివాదానికి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. కాలువలో పూడిక తీయడం రాష్ట్రం పని గాని, నేరడి బ్యారేజీ సంగతి ఒక్క రాష్ట్రంతో తేలేది కాదు.

పార్లమెంటు సభ్యునికి తన నియోజకవర్గంలో పనులు సిఫార్సు చేయడానికి ఏడాదికి 5 కోట్ల రూపాయల నిధి ఉంది. సముదాయ భవనం, మంచినీటి ట్యాంకు వంటి అందరికీ పనికొచ్చే ఆస్తులకే ఆ డబ్బు. లోక్‌సభ నియోజకవర్గంలో ఏడు శాసనసభ స్థానాలున్నాయని మరువకండి. మన వంతుకు వచ్చేది ఎంతో దానినిబట్టి అడగాలి.

ఒకే సమస్య, మూడు గడపలు

కొన్ని కష్టాలు ఒక్క చోట తేలవు. మన ఉద్దానం మంచినీటి సంగతే తీసుకోండి. ఈ ప్రాంతంలో ఏళ్ళ తరబడి మూత్రపిండాల వ్యాధితో ఎన్ని ఇళ్ళు కూలిపోయాయో మనకు తెలుసు. వ్యాధికి కారణం ఇదేనని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. అయినా బోరు నీటికి బదులు నది నీరు కావాలన్న కోరిక ఊరూరా వినిపించింది. బోరు మరమ్మతు పంచాయతీ చేయగలదు గాని వంశధార నీటిని ఉద్దానానికి తేవడం దాని తాహతుకు మించిన పని. రాష్ట్ర ప్రభుత్వం సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం జలాశయం నుంచి ఏడు మండలాలకు నీరు తెచ్చే పథకం చేపట్టింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టింది. ఈ రెండూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

ఇప్పుడు మీ కుళాయిలో నీరు రాలేదనుకోండి. పక్క వీధికి వచ్చి మీ వీధికి రాకపోతే అది పంచాయతీకి చెప్పవలసిన పని. ఊరంతటికీ రాకపోతే గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకు చెప్పి, శాసనసభ్యునికి తెలపాలి. వ్యాధి కారణం మీద పరిశోధనకు కేంద్ర సంస్థల సాయం కావాలంటే పార్లమెంటు సభ్యుణ్ణి అడగాలి. నీరు ఒకటే అయినా గడపలు మూడు.

పశువుల టీకా కూడా ఇటువంటిదే. గాలికుంటు వ్యాధి టీకాకు 2019లో మొదలైన జాతీయ పథకం కింద డబ్బు కేంద్రానిది, సూది వేసేది రాష్ట్ర పశుసంవర్ధక శాఖ. జిల్లాకు మందు వచ్చి మీ ఊరికి రాకపోతే పశువైద్యుణ్ణి, తర్వాత శాసనసభ్యుణ్ణి అడగండి. అసలు జిల్లాకే మందు రాకపోతే పార్లమెంటు సభ్యుణ్ణి కూడా కలపండి.

నెయ్యి మీద పన్ను మరొక ఉదాహరణ. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న మీద వస్తు సేవల పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది కేంద్ర ఆర్థిక మంత్రి అధ్యక్షతన, రాష్ట్రాల మంత్రులు కూర్చొనే మండలి తీసుకున్న నిర్ణయం. కాబట్టి పన్ను గురించి విన్నపం ఇటు రాష్ట్రానికీ, అటు కేంద్రానికీ కూడా పోవాలి.

తుపాను వచ్చినప్పుడు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలకూల్చిన రాత్రి ఎవరమూ మరువలేము. ఎంతోమంది పశువులను కూడా పోగొట్టుకున్నారు. నష్టం జాబితా తయారు చేసేది ఊరిలో, మండలంలో ఉన్న ఉద్యోగులు. జాబితాలో పేరు తప్పిపోతే వెంటనే తహశీల్దారుకు అర్జీ ఇచ్చి సర్పంచికి, శాసనసభ్యునికి నకళ్ళు ఇవ్వాలి. పశువుకు ఎంత ఇవ్వాలన్న లెక్కను మాత్రం కేంద్రం నిర్ణయిస్తుంది. 2022-26 కాలానికి పాలిచ్చే గేదె లేదా ఆవు ఒకదానికి 37,500 రూపాయలు, కుటుంబానికి మూడు పశువుల వరకు అని ఆ లెక్క. ఈ మొత్తం చాలదంటే అది పార్లమెంటు సభ్యుని ద్వారా ఢిల్లీకి చెప్పవలసిన మాట. పశువు చనిపోతే కళేబరాన్ని పూడ్చే ముందే పశువైద్యునికి చూపించి పంచనామా రాయించుకోవాలి. అది లేకపోతే ఏ ప్రతినిధి వల్లా సాయం జరగదు.

అర్జీ రాయడం ఎలా?

ఒక అర్జీలో ఒక్క విషయమే రాయండి. ఆరు విషయాలు రాస్తే ఆరు శాఖల మధ్య అది తిరుగుతూ ఉంటుంది. "మా దారి బాగులేదు" అనకుండా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత దూరం, ఎన్నాళ్ళ నుంచి, దానివల్ల ఎన్ని లీటర్ల పాలు విరిగాయి అన్నది సంఘం పుస్తకంలోంచి చూసి రాయండి. మన పుస్తకంలో రోజువారీ లెక్క ఉంది. అంత బలమైన సాక్ష్యం చాలామంది అర్జీదారుల దగ్గర ఉండదు. నమూనా ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి, ... గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘం సభ్యులు విన్నవించుకొనునది. మా ఊరి నుంచి ... వరకు గల ... కిలోమీటర్ల రోడ్లు, భవనాల శాఖ దారి ... నెల నుంచి పాడైనది. గడచిన 30 రోజులలో పాల వ్యాను ... రోజులు ఆలస్యముగా వచ్చినందున ... లీటర్ల పాలు విరిగినవి. ... తేదీన ఇంజనీరు గారికి ఇచ్చిన అర్జీ రసీదు నకలు జతపరచడమైనది. మరమ్మతు చేయించవలసినదిగా కోరుచున్నాము."

సంఘం తీర్మానం చేసి, సభ్యుల సంతకాలతో ఇవ్వండి. తేదీ వేసిన రసీదు తీసుకోండి. నకలు సంఘం ఫైలులో ఉంచండి. సోమవారం నాడు కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు. అక్కడ కూడా నమోదు చేయించవచ్చు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద "మా అర్జీ ఏ దశలో ఉంది?" అని అడగవచ్చు. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. సంఘం పేరున ఇచ్చే కాగితంలో పార్టీ మాట రానీయకండి. పాలు పోసేవారిలో అన్ని పార్టీలవారూ ఉంటారు. కాగితం మీద పాడి రైతు ఒక్కడే కనిపించాలి.

గోడకు అంటించుకోవలసిన చిన్న జాబితా

పాల ధర, బిల్లు, పరీక్ష: సంఘం పాలకవర్గం, యూనియను.
వీధి దీపం, మురుగు, నీటి తొట్టె: వార్డు సభ్యుడు, సర్పంచి. పట్టణంలో కౌన్సిలరు.
ఊరికీ ఊరికీ మధ్య దారి: మండల, జిల్లా పరిషత్తు సభ్యులు.
పశువైద్యశాల, ఆసుపత్రి, కాలువ నీరు, రాష్ట్ర రోడ్డు: శాసనసభ్యుడు.
రైలు, జాతీయ రహదారి, బ్యాంకు, సుంకం: పార్లమెంటు సభ్యుడు.

మీ సంఘం కార్యదర్శి ఈ జాబితాలో ప్రతి పదవికి ఎదురుగా ఇప్పుడు ఆ పదవిలో ఉన్నవారి పేరు, కార్యాలయం చిరునామా రాసి పాలు కొలిచే బల్ల పైన అంటించాలని మనవి. ఎన్నికలు జరిగిన ప్రతిసారీ పేర్లు మార్చండి. రేపు ఉదయం అరుగు మీద ఎవరైనా "అందరికీ చెప్పినాం" అంటే ఆ కాగితం చూపించి, "ఎవరికి చెప్పావు, రసీదు ఏది?" అని అడగండి. రసీదు లేకపోతే అక్కడే కూర్చోబెట్టి అర్జీ రాయించండి.